పరువు వెనక ఆస్తి: మాల్ఫీ డచెస్ కథ

1510లో ఇటలీ దక్షిణాన అమాల్ఫీ సంస్థానాన్ని చూసుకుంటున్న ఒక స్త్రీ, లొరేటో పుణ్యక్షేత్రానికి మొక్కు ఉందని చెప్పి పరివారంతో బయలుదేరింది. ఆమె పేరు జొవాన్నా. మొక్కు ఒక సాకు మాత్రమే. అంకోనా పట్టణంలో ఆమె భర్త ఎదురుచూస్తున్నాడు. ఆ పెళ్లి సంగతి అప్పటిదాకా లోకానికి తెలియదు. అంకోనా చేరాక తన వెంట వచ్చిన వాళ్లందరి ముందు ఆ మాట బయటపెట్టింది. కొన్ని నెలల్లోనే పుట్టింటివాళ్ల మనుషులు ఆమెను దారిలో పట్టుకుని, చిన్న పిల్లలిద్దరితో, పనిమనిషితో సహా అమాల్ఫీకి తీసుకుపోయారు. ఆ తర్వాత ఆ నలుగురినీ బయట చూసినవాళ్లు లేరు.

సుమారు వందేళ్ల తర్వాత లండన్‌లో జాన్ వెబ్‌స్టర్ అనే నాటక రచయిత ఈ కథను రంగస్థలం ఎక్కించాడు. నాటకం పేరు 'ది డచెస్ ఆఫ్ మాల్ఫీ'. డ్యూక్ అంటే సంస్థానాధిపతి, ఆయన భార్య డచెస్. యూరప్‌లో పునరుజ్జీవన కాలం అని చరిత్ర పుస్తకాల్లో చదువుతాం కదా, అందులో మనకు చెప్పేది చిత్రకళ, ముద్రణ, కొత్త దేశాలకు దారులు, సైన్సు. ఆ వెలుగు ఇంటి లోపలికి ఎంత దూరం వచ్చిందో తెలియాలంటే ఆ కాలపు విషాద నాటకాలు చదవాలి. మన ఉపాధ్యాయ శిక్షణలో షేక్‌స్పియర్ పేరు వినిపిస్తుంది, వెబ్‌స్టర్ పేరు దాదాపు వినిపించదు. ఆడవాళ్ల సంగతికి వచ్చేసరికి మాత్రం వెబ్‌స్టర్‌నే ముందు చదవమంటాను.

అసలు కథ ఇంకొంచెం చెప్పాలి. జొవాన్నా నేపుల్స్ రాజవంశపు పిల్ల. 1490లో ఇంకా చిన్నపిల్లగా ఉండగానే పిక్కొలోమినీ వంశపు అల్ఫోన్సోకు ఇచ్చి పెళ్లి చేశారు. 1498లో అతను చనిపోయాడు. ఆ తర్వాత పుట్టిన కొడుకు పేరు మీద ఆమే సంస్థానాన్ని నడిపింది. ఇరవై ఏళ్లకే భర్త పోయిన మనిషి, చేతిలో అధికారం, ఖజానా. ఇంటి వ్యవహారాలు చూసే దివాను ఆంటోనియో బొలోన్యాను మనసుపడి రహస్యంగా పెళ్లి చేసుకుంది. వాళ్లకు ముగ్గురు పిల్లలు. ఆమె సోదరుల్లో లుయీజి అనే ఆయన రోమ్‌లో కార్డినల్, అంటే పోప్ తర్వాతి అంతస్తు మతాధికారి. సంగతి బయటపడ్డాక ఆ దంపతులను అంకోనాలో ఉండనివ్వలేదు, సియెనాలో ఉండనివ్వలేదు. వెనిస్ వైపు పోతుండగా ఆమె పట్టుబడింది. ఆంటోనియో పెద్ద కొడుకుతో మిలన్‌కు తప్పించుకున్నాడు. 1513 అక్టోబరులో అతన్ని అక్కడి వీధిలో పొడిచి చంపారు.

ఆంటోనియో హత్యకు తేదీ, ఊరు ఉన్నాయి. జొవాన్నా చావుకు అలాంటిదేమీ లేదు. కోట గోడల లోపల జరిగింది కాబట్టి రాసిపెట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

అప్పట్లో మిలన్‌లోనే ఉన్న మతయ్య, కథకుడు మత్తెయో బండెల్లో దీన్ని కథగా రాశాడు. అది 1554లో అచ్చయింది. ఫ్రెంచి మీదుగా 1567లో విలియం పెయింటర్ అనే ఆయన చేతుల్లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచిలో, ఇంగ్లీషులో కథకు నీతిబోధ తోడయింది. భర్త పోయిన స్త్రీ కోరికను అదుపులో పెట్టుకోకపోతే ఇలాగే అవుతుందని, పనివాణ్ణి చేసుకుని వంశానికి మచ్చ తెచ్చిందని మధ్యమధ్యలో మందలింపులు. చంపినవాళ్ల క్రూరత్వాన్నీ తప్పుపట్టారు గానీ, వేలు ముందుగా ఆమె వైపే చూపించారు. వెబ్‌స్టర్ చదివింది ఈ పెయింటర్ పుస్తకాన్నే.

ఇంగ్లండులో ఆ కాలపు ఆడదానికి చట్టం ఏ స్థానం ఇచ్చిందో చూస్తే ఈ మందలింపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. పెళ్లికాని పిల్ల తండ్రి చేతి కింద ఉంటుంది. పెళ్లయితే 'కవర్చర్' అనే సూత్రం కింద ఆమె చట్టపరమైన ఉనికే భర్తలో కలిసిపోతుంది. ఆమె నగలు, డబ్బు, సామాను భర్తవి. ఆమె భూమిని నడిపేదీ అతనే. ఆమె పేరు మీద ఒప్పందం చెల్లదు, విడిగా దావా వేయలేదు. 1563 నుంచి చర్చిలో చదవడానికి ప్రభుత్వం ఇచ్చిన ఉపదేశాల్లో పెళ్లి గురించి ఒకటి ఉంది. భార్య భర్తకు లోబడాలని చెప్పేది అదే, భర్త భార్యను కొట్టకూడదని చెప్పేదీ అదే. రెండో మాట ఎంతమంది చెవిన పడిందో గానీ, మొదటిది మాత్రం బాగా నాటుకుంది.

ఈ చట్రంలో ఒక్క సందు ఉంది. భర్త చనిపోతే ఆమె మళ్లీ మనిషి అవుతుంది. ఉమ్మడి న్యాయం ప్రకారం భర్త భూమిలో మూడో వంతు మీద బతికున్నంతకాలం అనుభవ హక్కు వస్తుంది. తన పేరున ఒప్పందం రాసుకోవచ్చు, వ్యాపారం నడపవచ్చు, కోర్టుకు పోవచ్చు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇదంతా కొత్త భర్త చేతిలోకి పోతుంది. చట్టం ఆమెను మళ్లీ పెళ్లి చేసుకోవద్దనలేదు, చేసుకున్నవాళ్లూ చాలామందే. కానీ అలాంటి స్త్రీ చుట్టూ ఎన్ని కళ్లు కాపలా ఉంటాయో ఊహించండి. పుట్టింటివాళ్లకు ఒక లెక్క, అత్తింటివాళ్లకు ఒక లెక్క, కొత్తగా అడగడానికి వచ్చినవాడికి ఒక లెక్క. కేథరిన్ రాణి కోరిక మీద ఆమె కూతురి చదువు కోసం హువాన్ లూయిస్ వీవెస్ రాసిన స్త్రీ శిక్షణ గ్రంథం 1524లో అచ్చయింది. అందులో కన్యకు, భార్యకు, వితంతువుకు విడివిడి భాగాలు ఉన్నాయి. మగవాడిని అలా మూడు ముక్కలు చేసిన పుస్తకం ఉన్నట్టు నాకు కనపడలేదు.

నాటకం సరిగ్గా ఈ సందులోనే మొదలవుతుంది. డచెస్‌కు ఇద్దరు సోదరులు. ఫెర్డినాండ్ ఆమెకు కవల, మరో సోదరుడు కార్డినల్. మళ్లీ పెళ్లి మాట ఎత్తవద్దని ఇద్దరూ చెరో పక్క నిలబడి హెచ్చరిస్తారు. ఫెర్డినాండ్ అయితే తండ్రి బాకు తీసి చూపించి మరీ చెబుతాడు. కార్డినల్‌కు ఇంకొకరి భార్యతో సంబంధం ఉంది. అయినా చెల్లెలికి పాతివ్రత్యం బోధించడానికి నోరు తడబడదు.

వాళ్లు గడప దాటగానే డచెస్ ఆంటోనియోను లెక్కలు రాయాలని పిలిపిస్తుంది. పెళ్లి మాట అడిగేది ఆమే, ఉంగరం తొడిగేదీ ఆమే. అంతస్తు తేడాకు బెదిరి అతను వెనకాడుతుంటే ధైర్యం చెబుతుంది. తెర వెనక దాగిన పరిచారిక కారియోలా సాక్షి. మతగురువు లేడు. ఇది దొంగ పెళ్లి కాదా అని చదివేవాళ్లకు అనుమానం రావచ్చు. కాదు. స్త్రీ పురుషులిద్దరూ ఇప్పుడే నిన్ను చేసుకుంటున్నానని మాట ఇచ్చుకుంటే చర్చి న్యాయం ప్రకారం అది చెల్లే పెళ్లే. ఇంగ్లండులో 1753 చట్టం వచ్చేవరకు అలాంటి పెళ్లిళ్లు, అధికారులకు నచ్చకపోయినా, చెల్లాయి. అంటే డచెస్ చట్టాన్ని మీరలేదు. సోదరుల అనుమతిని మాత్రమే మీరింది.

ఆ ఇంట్లో ఫెర్డినాండ్ ముందే బొసోలా అనే వేగును పెట్టి ఉంచాడు. వాడి పని ఆమె ఒంటిని గమనించడం. కడుపుతో ఉందేమో తేల్చుకోవడానికి తొలికాపు ఆప్రికాట్ పళ్లు తెచ్చి ఇస్తాడు. ఆమె ఆత్రంగా తింటుంది, కాసేపటికే నొప్పులు మొదలవుతాయి. ఒక ఆడమనిషి పండు తిన్న తీరు కూడా సాక్ష్యం అయిపోయిన ఇల్లు అది. ఈ దృశ్యం నాకు తర్వాతి హత్యల కంటే ఎక్కువ భయం కలిగిస్తుంది. హత్య చేసేవాళ్లు ఎప్పుడో వస్తారు, చూసే కళ్లు మాత్రం రోజూ ఉంటాయి.

సంగతి తెలిశాక ఆమెను పట్టి బంధిస్తారు. చీకట్లో ఫెర్డినాండ్ శవం చెయ్యి తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. భర్త, పిల్లలు చచ్చిపడి ఉన్నట్టు మైనపు బొమ్మలు చూపిస్తాడు. పిచ్చివాళ్లను తెచ్చి గది చుట్టూ వదులుతాడు. ఆమెకు మతి తప్పితే తన పని తేలికవుతుందని. ఆమె మతి చెదరదు, ఆ స్థితిలోనూ తన పదవిని, తన పేరును వదలదు. ఉరితాడు ఎదురుగా ఉన్నప్పుడు చిన్నవాడి జలుబుకు మందు సంగతి, పిల్ల ప్రార్థన సంగతి పరిచారికకు అప్పజెప్పి, తల వంచకుండా చనిపోతుంది. చివరకు మతి చెడేది ఫెర్డినాండ్‌కే. తోడేలునయ్యానని తిరుగుతాడు.

శవం ముందు ఫెర్డినాండ్ ఒక మాట ఒప్పుకుంటాడు. ఆమె వితంతువుగానే ఉండిపోయి చనిపోతే తనకు అంతులేని సొమ్ము కలిసివచ్చేదని ఆశపడ్డానంటాడు. అప్పటిదాకా అతని నోట వచ్చినవన్నీ రక్తం, వంశం, మచ్చ, పరువు. వినేవాళ్లకు చెవులు హోరెత్తిపోతాయి. ఒక్క క్షణం ఆ హోరు తగ్గగానే కింద నుంచి సొమ్ము లెక్క బయటికొస్తుంది. కొందరు విమర్శకులు కవల సోదరికి అతని మీద కాదు, అతనికి ఆమె మీద ఉన్న వికృతమైన మోహమే దీనికంతా మూలం అంటారు. ఆ ఛాయ నాటకంలో ఉంది, కాదనను. ఇంకొందరు ఈ సొమ్ము మాట అతను తన మనసు నుంచి తాను తప్పించుకోవడానికి వెతుక్కున్న సాకు అంటారు. నాకు ఆ వాదన సరిపోదు. సాకు వెతుక్కునేవాడు కూడా వినేవాళ్లు నమ్మేదాన్నే చెబుతాడు. చెల్లెలి ఆస్తి కోసం చెల్లెలి పెళ్లి అడ్డుకోవడం లండన్ ప్రేక్షకులకు వింత కాదు కాబట్టే ఆ మాట అక్కడ నిలిచింది.

ఈ కథ మన పిల్లలకు చెబితే మొదట అడిగే ప్రశ్న, మారుమనువు చేసుకుంటే చంపుతారా అని. మన తెగల్లో చాలావాటిలో భర్త పోయిన స్త్రీ మళ్లీ మనువాడటం తప్పు కాదు. ఆ విషయంలో మనం ఎవరి దగ్గరా నేర్చుకోవలసింది లేదు. కానీ అక్కడితో ఆగితే కుదరదు. డచెస్ కథలో రెండో ముక్క ఆస్తి కదా. 1956 హిందూ వారసత్వ చట్టం దాని రెండో సెక్షన్‌లోనే షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని రాసి ఉంది. కూతురికి సమాన వాటా ఇచ్చిన 2005 సవరణ ఆ చట్టానికే కాబట్టి అదీ మనదాకా రాదు. మన భూమికి మన ఆచారమే చట్టం, ఆచారం ఏమిటో చెప్పేది కుల పెద్దలు. ఆ పెద్దల్లో ఆడవాళ్లు ఎందరో మీ ఊళ్లో మీరే లెక్కపెట్టండి. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం పట్టా భార్యాభర్తలిద్దరి పేర్లనా ఉమ్మడిగా ఉండాలంది. మీ ఇంటి పట్టా కాగితం తీసి చూస్తే అమ్మ పేరు ఉందో లేదో తెలుస్తుంది. బడిలో ఈ నాటకం చెప్పేవాళ్లు ఆ కాగితం సంగతి కూడా అడగవచ్చు.

వెబ్‌స్టర్ ఆడవాళ్ల పక్షాన నిలబడ్డాడా? పెయింటర్ వేలు చూపిన చోటు నుంచి దాన్ని తప్పించి సోదరుల వైపు తిప్పాడు, అది చిన్న పని కాదు. బండ్లు తయారుచేసేవాడి కొడుకు, పెద్దింటి సోదరుల రక్తం గొప్పల మీద అతనికి పెద్ద గౌరవం ఉన్నట్టు లేదు. కానీ కారియోలాను చూడండి. డచెస్ నిబ్బరంగా చనిపోతే అదే గదిలో కారియోలా బతిమాలుతుంది, కొరుకుతుంది, రక్కుతుంది, కడుపుతో ఉన్నానని అబద్ధం చెబుతుంది. రచయిత ఆమెను యజమానురాలి గొప్పతనానికి ఎదురుగా పెట్టిన అద్దంలా వాడుకున్నాడు. నాకైతే కారియోలా చావే నిజమనిపిస్తుంది. పెద్దింటి పెళ్లికి సాక్షిగా నిలబడమంటే నిలబడింది, ఆస్తిలో వాటా లేదు, పరువులో వాటా లేదు, ఉరిలో మాత్రం సమాన వాటా. ఆమె ఎందుకు నిబ్బరంగా చావాలి?

షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లోనూ ఇలాంటి జంట ఉంది. ఆ నాటకం 1604లో రాజుగారి ముందు ఆడారు. డెస్డెమోనా తండ్రికి చెప్పకుండా పెళ్లి చేసుకుంది. తండ్రిని మోసగించినది నిన్నూ మోసగించవచ్చని తండ్రే అల్లుడి చెవిలో వేసి పోతాడు. ఆ విత్తనాన్ని ఇయాగో తర్వాత పెంచుతాడు. అనుమానంతో భర్త ఆమెను మంచం మీదే చంపుతాడు. అయితే నిజాన్ని బయటపెట్టేది ఆమె పరిచారిక ఎమీలియా, అంటే ఇయాగో భార్య. నోరు మూసుకుని ఇంటికి పొమ్మని మొగుడు అన్నా వినకుండా, నలుగురిలో చెప్పవలసిందంతా చెబుతుంది. అతను ఆమెను పొడిచి చంపుతాడు. ఎమీలియాకు వెబ్‌స్టర్ కారియోలా కంటే ఎక్కువ మాటలు దొరికాయి.

ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. ఈ డచెస్, కారియోలా, డెస్డెమోనా, ఎమీలియా వేషాలు వేసింది మగపిల్లలు. 1660 దాకా లండన్ వృత్తి నాటకశాలల్లో ఆడవాళ్లు వేషం కట్టలేదు. 1623లో అచ్చయిన 'డచెస్' పుస్తకంలో డచెస్ వేషధారిగా రిచర్డ్ షార్ప్ అనే కుర్రాడి పేరు ఉంది. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్న తెలుగువాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. కానీ ఆడవాళ్ల బాధను మగవాళ్లే రాసి, మగపిల్లలే ఆడి, మగవాళ్లు పెట్టుబడి పెట్టిన నాటకశాలలో చూపించారన్నది గుర్తుంచుకుని చదవాలి. ప్రేక్షకుల్లో ఆడవాళ్లు మాత్రం ఉండేవాళ్లు. వాళ్లు ఏమనుకున్నారో రాసిపెట్టినవి చాలా తక్కువ.

ఆ కాలంలో పేరు తెలిసిన ఒక స్త్రీ రాసి అచ్చువేసిన విషాద నాటకం ఒకటి ఉంది. ఎలిజబెత్ కేరీ రాసిన 'మరియం విషాదం', 1613లో అచ్చయింది. యూదుల రాజు హెరోద్, అతని భార్య మరియం కథ. మరియం తప్పు ఏమిటంటే మనసులో ఉన్నది దాచకుండా మాట్లాడటం. అందుకే తల పోతుంది. అది రంగస్థలం కోసం కాదు, చదువుకోవడానికి రాసింది. పుస్తకం మీద పూర్తి పేరు కూడా వేయలేదు, రెండు పొడి అక్షరాలు మాత్రమే. ఆ తర్వాత ఆమె జీవితంలో జరిగింది చూడండి. భర్త ఐర్లండ్‌లో పెద్ద ఉద్యోగానికి వెళుతుంటే ఖర్చుల కోసం, తన రక్షణకని రాసిపెట్టిన ఆస్తిని తాకట్టు పెట్టి ఇచ్చింది. అలా పెట్టినందుకు తండ్రి ఆమెకు ఆస్తి ఇవ్వకుండా మనవడికి రాశాడు. 1626లో ఆమె కేథలిక్ మతంలోకి మారినట్టు బయటపడగానే భర్త దూరం పెట్టి ఖర్చులు ఆపేశాడు. భర్త మాట విన్నందుకు తండ్రి శిక్ష, సొంత మనసు విన్నందుకు భర్త శిక్ష.

రాజకుటుంబంలోనూ ఇదే. జేమ్స్ రాజు దగ్గరి బంధువు ఆర్బెల్లా స్టూవర్ట్ 1610లో విలియం సీమోర్‌ను రాజు అనుమతి లేకుండా రహస్యంగా పెళ్లాడింది. సింహాసనానికి వారసత్వ చిక్కు కాబట్టి ఇద్దరినీ నిర్బంధించారు. 1611లో మగవేషం వేసుకుని తప్పించుకుంది, సముద్రం మీద పట్టుబడింది. 1615లో లండన్ టవర్‌లోనే చనిపోయింది. వెబ్‌స్టర్ నాటకం మొదట ఆడుతున్న రోజుల్లో ఆమె ఆ జైలులో ఉంది. అనుమతి లేని పెళ్లి చేసుకున్న పెద్దింటి స్త్రీ బందీ అయ్యే దృశ్యం చూస్తున్నప్పుడు ప్రేక్షకులకు నది ఒడ్డున ఉన్న ఆ కోట గుర్తుకు రాలేదంటే నమ్మడం కష్టం.

నాటకం 1614 డిసెంబరు లోపే ఆడారని మనకు ఎలా తెలుసంటే, ఆంటోనియో వేషం వేసిన విలియం ఆస్ట్లర్ ఆ నెల 16న చనిపోయాడు. అతను విల్లు రాయలేదు. గ్లోబ్, బ్లాక్‌ఫ్రయర్స్ అనే రెండు నాటకశాలల్లో అతనికి వాటాలు ఉన్నాయి. భార్య థామసీనాకు అప్పటికి ఇరవై ఏళ్ల లోపే. ఆమె తండ్రి జాన్ హెమింజెస్ కూడా అదే నాటక సంఘంలో పెద్ద వాటాదారు, డబ్బు వ్యవహారాలు చూసేవాడు. అల్లుడి వాటాలు ఆయన చేతిలోకి పోయాయి. భర్త లేని స్త్రీ కాబట్టి చట్టం ఇచ్చిన ఆ ఒక్క సందులోంచి థామసీనా తన పేరునే కోర్టుకు వెళ్లి 1615లో కన్నతండ్రి మీద దావా వేసింది. వాటాలు ఆమెకు తిరిగి వచ్చిన దాఖలా లేదు.

1623లో అచ్చయిన 'డచెస్' నటుల జాబితాలో ఆస్ట్లర్ పేరు ఉంది. అదే ఏడాది షేక్‌స్పియర్ నాటకాలను ఒక సంపుటంగా తెచ్చిన ఇద్దరిలో హెమింజెస్ ఒకరు, ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్లు ఈనాటికీ ఆయనకు కృతజ్ఞతలు చెప్పుకుంటారు. థామసీనా పేరు చూడాలంటే కోర్టు కాగితాలు తిరగేయాలి.